బావ మాటకు అవునన్న రోజు

మా బావ చెప్పిన ఏ మాటకూ నేను తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అవునని అనలేదు. మా అక్కను చేసుకున్న నాటి నుంచీ ఆయన ఎడ్డెమంటే నేను తెడ్డెమే. వాన వచ్చేట్టుంది, గొడుగు తీసుకెళ్ళరా అని ఆయన అన్నందుకే గొడుగు వదిలేసి వెళ్ళి, ముద్దగా తడిసి వచ్చి, మూడు రోజులు మూసిన కన్ను తెరవకుండా పడుకున్న ఘనుణ్ణి నేను. అలాంటివాణ్ణి ఒకే ఒక్కసారి ఆయన మాటకు అవునన్నాను. ఆ ఒక్కసారి సంగతే ఇది.

ముందు మా పని గురించి చెప్పాలి. మేమిద్దరం ట్యాంకులు కడుగుతాం. ఫ్యాక్టరీల్లో నేల కింద మురుగు నీటికీ, నూనెకీ, రసాలకీ పెద్ద పెద్ద ట్యాంకులుంటాయి. పైన ఇనపమూత తీస్తే ఒక మనిషి పట్టేంత నోరు ఉంటుంది. ఆ నోట్లోంచి నిచ్చెన వేసుకుని ఒకడు లోపలికి దిగి, అడుగున పేరుకున్న మడ్డిని పారతో బకెట్‌లోకి ఎత్తాలి. ఇంకొకడు పైన ఉండి బకెట్ లాగి పారబోయాలి. లోపలివాడి నడుముకీ భుజాలకీ కలిపి ఒక బెల్టు ఉంటుంది. ఆ బెల్టుకి కట్టిన తాడు ట్యాంకు నోటి మీద నిలబెట్టిన మూడు కాళ్ళ స్టాండుకి చేరుతుంది. స్టాండుకి ఒక గిరక, గిరకకి చేత్తో తిప్పే పిడి. పక్కన బ్లోయర్ తిరుగుతూ ఒక లావాటి బట్టగొట్టం గుండా లోపలికి మంచి గాలి పంపుతుంది. లోపలికి దిగేది నేను. పైన ఉండేది బావ.

మా మేస్త్రిది ఒకటే శాసనం. లోపల మనిషి ఉన్నంతసేపూ పైవాడికీ లోపలివాడికీ మధ్య మాట నడుస్తూనే ఉండాలి. ట్యాంకులో గాలి చెడితే వాసన రావాలని లేదు, కళ్ళు మండాలనీ లేదు. మనిషికి మత్తు కమ్ముతుంది, మాట తేడా పడుతుంది. ఆ తేడా పైవాడి చెవిన పడాలి. "ఊఁ కొట్టడం జవాబు కాదురా," అనేవాడు మేస్త్రి. "కథ వింటూ నిద్రపోయే పిల్లాడు కూడా ఊఁ కొడతాడు. మాటకి మాట కావాలి." మా ముఠాలో ఇంకో జంట ఉంది. వాళ్ళు ఎక్కాలు అప్పజెప్పుకుంటారు. పదిహేడో ఎక్కం దగ్గర ప్రతిసారీ పోట్లాడుకుంటారు. మాకు ఎక్కాలు రావు. మాకొచ్చింది ఫుట్‌బాల్ ఒక్కటే.

ఆ ఏడు పెద్ద టోర్నమెంటు జరుగుతోంది. అందులో మన దేశం లేదు. సొంత జట్టు లేనివాడికి ప్రపంచంలో ఏ జట్టయినా చుట్టమే కాబట్టి మా వీధి మొత్తం అరువు జట్ల మీద ప్రాణాలు పెట్టుకుంది. ఆ దేశాల పేర్లకి మాకు నోరు తిరగదు, అందుకని చొక్కా రంగుతోనే పిలుచుకునేవాళ్ళం. బావది నీలి జట్టు. నాది ఎర్ర జట్టు. ఎందుకూ అంటే బావది నీలి జట్టు కాబట్టి. ఇంతకు మించి కారణం లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పట్లో అడిగితే మాత్రం గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

మ్యాచ్‌లు చూసేది మా ఇంటి కింద సెలూన్‌లో. సెలూన్ ఆయన పెద్ద టీవీ కొని అద్దాల పైన బిగించాడు. ఆయనకంటూ జట్టు లేదు. ఎవరు గెలిస్తే వాళ్ళే ఆయన జట్టు. "నాకు రెండు వైపులా గడ్డాలు పెరుగుతాయి, నాకెందుకయ్యా ఈ గొడవ," అనేవాడు. ఎవరన్నా గోల్ కొట్టినప్పుడు మాత్రం ఆయన చేతిలో కత్తి గాల్లో ఆగిపోయేది. సగం గడ్డంతో, సగం నురగతో కుర్చీలో ఉన్నవాడు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాల్సిందే.

సాయంత్రం సెలూన్‌లో మొదలైన వాదన మర్నాడు ట్యాంకులో కొనసాగేది.

"మూడు మ్యాచ్‌లకి ఒకే గోలు! మీవాళ్ళు ఆడటానికి వచ్చారా, ఊరు చూసి పోదామని వచ్చారా?" అని పైనుంచి బావ.

"మీవాళ్ళలాగా గాలి తగిలితే పడిపోయి పెనాల్టీలు అడుక్కోవడం మావాళ్ళకి చేతకాదు!" అని కిందనుంచి నేను.

"అడుక్కున్నా గోలు గోలే రా!"

"సిగ్గు కూడా సిగ్గే బావా!"

ట్యాంకులో అరిస్తే మాట నాలుగు గోడలకీ కొట్టుకుని ఇంత లావై పైకి వెళ్తుంది. అటుగా వెళ్ళే ఫ్యాక్టరీ జనం లోపల ఖూనీ జరుగుతోందేమోనని తొంగి చూసేవాళ్ళు. మేస్త్రి మాత్రం మా కేకలు వింటూ టీ తాగేవాడు. మా గోల వినబడుతుంటే ఆయనకి నిశ్చింత.

శనివారం సాయంత్రం సెమీఫైనల్ వచ్చింది. ఎర్ర జట్టుకీ నీలి జట్టుకీ. సెలూన్‌లో ఇసకేస్తే రాలనంత జనం. చెరో గోలు కొట్టి ఎనభై ఎనిమిదో నిమిషం దాకా లాక్కొచ్చారు. అప్పుడు నీలి జట్టువాడు మధ్యగీత దగ్గర్నుంచి బంతిని పొడుగ్గా తన్నాడు. మా డిఫెండర్లిద్దరూ నువ్వంటే నువ్వని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు. మా కీపర్ గోల్ వదిలేసి, తన గీత దాటి ఉరికాడు. బంతి ఆయన కాలికి అందలేదు, నీలివాడి కాలికి అందింది. ఖాళీగా ఉన్న గోల్‌లోకి ఆ బంతి అత్తారింటికి వెళ్ళే కొత్తల్లుడిలా నింపాదిగా దొర్లుకుంటూ వెళ్ళింది. మేము ఓడిపోయాం.

బావ ఎగిరి గంతేశాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "కీపర్‌కి గోల్ వదిలిపెట్టి వచ్చే పనేంటసలు?" అన్నాడు.

"డిఫెండర్లు నిద్రపోతుంటే ఏం చెయ్యాలి? చేతులు కట్టుకుని చూడాలా?"

"తన చోట తను నిలబడాలి. కీపర్ పని అదే."

"నిలబడినా గోలే పడేది! తప్పు డిఫెండర్లది."

"వచ్చాడు కాబట్టే పడింది. తప్పు కీపర్‌ది."

అరగంట సాగింది ఇదే ముక్క. సెలూన్ ఆయన మధ్యలో దూరి, తప్పు బంతిదనీ, అది గుండ్రంగా ఉండబట్టే ఇన్ని గొడవలనీ తీర్పు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నేను ఓడిన మంట మీద ఉన్నాను, బావ గెలిచిన ఊపు మీద ఉన్నాడు. రెండూ ప్రమాదమే.

"నీకు ఆ కీపర్ ఎందుకు నచ్చాడో నాకు తెలుసులే," అన్నాడు బావ. "ఉన్నచోట నిలబడకపోవడం నీకూ అలవాటేగా. లేత్ షాపు వదిలేశావు, బస్ డిపో వదిలేశావు, కోల్డ్ స్టోరేజీ వదిలేశావు. ఎక్కడ నిలబడ్డావు గనక?"

అందరి ముందూ అన్నాడు. అన్నది నిజం కూడాను. నిజం కాబట్టి ఇంకా మండింది.

"పైన కూర్చుని తాడు పట్టుకునేవాడివి, లోపల ఉన్నవాడి సంగతి నీకేం తెలుసు?" అన్నాను. "దిగే దమ్ము లేకేగా నన్ను దింపి నువ్వు ఒడ్డున కూర్చుంటున్నావు!"

బావ నన్ను ఒక్క క్షణం చూసి, చెప్పులు తొడుక్కుని మేడ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నా సంగతి నేను దాచకుండా చెప్పాలి. బావ పద్నాలుగేళ్ళు ట్యాంకుల్లోకి దిగిన మనిషి. ఆయనంత శుభ్రంగా కడిగేవాడు లేడని మేస్త్రి ఇప్పటికీ అంటాడు. మూడు ఉద్యోగాలు వదిలేసి నేను ఈ పనిలో చేరతానన్నప్పుడు అక్క వద్దని ఏడ్చింది. "లోపలి పని నేను నేర్పిస్తా. వాడి తాడు మాత్రం ఇంకొకడి చేతికి ఇవ్వను," అని ఆమెకి మాటిచ్చి, బావ పైకొచ్చి కూర్చున్నాడు. పేరున్న పనివాడు నా కోసం బకెట్లు లాగే పనికి మారాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆదివారం ఇంట్లో నేనూ బావా మాట్లాడుకోలేదు. మా ఇల్లు మూడు గదులు. ముందు గదిలో అక్క కుట్టుమిషను, టీవీ, ఒక బెంచీ. ఆ బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. మధ్యలో అక్క ఎవరిదో జాకెట్ కుడుతూ కూర్చుంది.

"మీ తమ్ముణ్ణి టీవీ సౌండ్ తగ్గించమను," అన్నాడు బావ.

"మీ ఆయన్ని చెవుల్లో దూది పెట్టుకోమను," అన్నాను నేను.

"దూది ఎక్కడుందో మీ తమ్ముణ్ణే చెప్పమను."

అక్క మిషను ఆపేసింది. "నేనేమన్నా పోస్టాఫీసునా? బంతిని ఎక్కడో సముద్రాల అవతల తన్నారు, దెబ్బ వచ్చి నా ఇంట్లో తగిలింది. రేపు ట్యాంకు దగ్గర ఏం చేస్తారు? పని మానేసి నేనొచ్చి మధ్యలో నిలబడాలా?" అంది.

నేను లేచి టీవీ ఆపేశాను.

సోమవారం పని ఒక పళ్ళరసం ఫ్యాక్టరీలో. తొక్కలూ పిప్పీ కలిసిన మురుగునీళ్ళ ట్యాంకు అది. నీళ్ళు ముందురోజే తోడేశారు, అడుగున మోకాలి లోతు మడ్డి మిగిలింది. మేస్త్రి రెండో జంటని తీసుకుని బాయిలర్ షెడ్డు వెనక ఇంకో ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. ఇక్కడ మేమిద్దరమే. బావ గాలి కొలిచే మీటర్ని తాడుకి కట్టి దింపి చూశాడు, బాగానే ఉంది. బ్లోయర్ వేశాడు. నా బెల్టు బిగించి, ఎప్పట్లాగే రెండుసార్లు గట్టిగా గుంజి చూశాడు. నా మొహం మాత్రం చూడలేదు.

అప్పుడు మేము చేసిన తెలివితక్కువ పని మేము తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు. బావ సంచిలోంచి ఒక పానా తీసి ట్యాంకు నోటి ఇనపరింగు మీద ఠంగుమని కొట్టాడు. ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ ఆ గోడకే చెప్పాడు, "ఒకటి కొడితే రెండు కొట్టాలి."

"తెలుసు," అని నేను నిచ్చెనకి చెప్పాను.

ఇంకో చిన్న పానా జేబులో వేసుకుని దిగాను. పైనుంచి ఒక ఠంగు వస్తే నేను గోడలో ఉన్న ఇనపగొట్టం మీద ఠంగు ఠంగుమని రెండు కొట్టేవాణ్ణి. శాసనానికి శాసనమూ నిలిచింది, పంతానికి పంతమూ నిలిచిందని లోపల్లోపల సంబరపడ్డాను కూడా. ఊఁ కొట్టినా ఒప్పుకోని మేస్త్రి ఇది చూస్తే ఏమంటాడో ఆలోచించలేదు.

అరగంట బాగానే గడిచింది. పార దించడం, మడ్డి ఎత్తడం, బకెట్ నింపి తాడు గుంజడం. దగ్గర్లో ఉన్నదంతా అయిపోయింది. దూరపు మూలకి వెళ్దామంటే నిచ్చెన అడ్డంగా ఉంది, ఎత్తి రెండడుగులు జరిపాను. ఆ జరపడంలో నిచ్చెన కాలు వెళ్ళి గాలి వచ్చే బట్టగొట్టం మీద పడి దాన్ని నొక్కేసింది. నేను చూసుకోలేదు. పైన బ్లోయర్ మోత మామూలుగానే ఉంది కాబట్టి బావకీ తెలియదు. నేను మూలకి వెళ్ళి పార దిగేశాను. పులిసిన మడ్డి బుడగలు బుడగలుగా పొంగింది.

తర్వాత సంగతి నాకు కొంతే గుర్తుంది. మొదట నడుంనొప్పి పోయింది. హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది, నాకు కోపం పోయింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేనంత శాంతంగా ఎప్పుడూ లేను. అందరూ మంచివాళ్ళే అనిపించింది. నీలి జట్టు బాగానే ఆడిందనిపించింది. రెఫరీ కూడా పాపం ఎండలో ఎంత పరిగెత్తాడో అనిపించింది. పైనుంచి ఠంగుమంది. నా చెయ్యి దానంతటదే లేచి రెండు కొట్టింది. మళ్ళీ ఠంగుమంది, మళ్ళీ రెండు కొట్టింది. చేతికి అలవాటైపోయింది, దానికి నా బుర్రతో పని లేదు.

ఇక్కణ్ణుంచి పైన ఏం జరిగిందో బావ తర్వాత చెప్పిందే.

ఆయన జేబులో ఆ రోజు పేపర్ ముక్క ఉంది. పొద్దున టీ తాగుతూ చదివాడట. ఎర్ర జట్టు కీపర్ విలేకరుల ముందు నిలబడి, ఆ గోలు నా పొరపాటే, అభిమానులు క్షమించాలి అన్నాడని వార్త. అంత బ్రహ్మాస్త్రం జేబులో పెట్టుకుని, మాట్లాడకూడదన్న పంతం మీద ఉన్న మనిషి బాధ ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు గంటలు కడుపుబ్బి చచ్చాను అన్నాడు. పేపర్ తీస్తాడు, మడుస్తాడు, జేబులో పెడతాడు, మళ్ళీ తీస్తాడు. చివరికి పంతం గంగలో కలిసింది.

"ఒరేయ్ బామ్మర్దీ! పేపర్ చూశావా? మీ కీపరే ఒప్పేసుకున్నాడు తప్పు తనదేనని! ఇప్పుడేమంటావు?" అని ట్యాంకు నోట్లోకి వంగి అరిచాడు.

ఆ మాట నాకు గుర్తుంది. చాలా దూరం నుంచి, చాలా ముద్దుగా వినబడింది.

"అవును బావా," అన్నాను. "తప్పు కీపర్‌దే. నువ్వు చెప్పిందే నిజం."

బావ నిజాయితీపరుడు. ఒక్క క్షణం గెలిచాననే అనుకున్నానని ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళకి దిగొచ్చాడ్రా అని మీసం మీదికి చెయ్యి వెళ్ళిందట. ఆ చెయ్యి మీసం చేరేలోపే ఒళ్ళంతా చల్లబడిపోయిందట. వీడు అవునన్నాడంటే వీడు వీడు కాదు. అంతే, మళ్ళీ పిలవలేదు, ఏమైందని అడగలేదు, లోపలికి తొంగి చూడలేదు. పిడి అందుకుని తిప్పడం మొదలెట్టాడు. మడ్డిలో కూరుకున్న మనిషి బరువు మామూలుగా ఉండదు. ఇంకొకడైతే కంగారులో లోపలికి దూకేవాడు, అప్పుడు ఇద్దరమూ అక్కడే ఉండిపోయేవాళ్ళం. పద్నాలుగేళ్ళు లోపల పని చేసినవాడు కాబట్టి దూకకూడదని ఆయనకి తెలుసు. ఒడ్డునే నిలబడి, అరుస్తూ, అరచేతుల చర్మం ఊడిపోతున్నా ఆపకుండా ఆ పిడి తిప్పాడు. నన్ను పైకి లాగింది ఒడ్డున కూర్చున్నవాడే.

నేను కళ్ళు తెరిచేసరికి ఆకాశం తెల్లగా గుచ్చుతోంది. వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫ్యాక్టరీ గేటు కాపలా ఆయన ఎక్కణ్ణుంచో ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి ముక్కుకి పెట్టినట్టున్నాడు. మేస్త్రి నా చెంపలు తడుతున్నాడు. "పేరు చెప్పరా! ఏ ఊర్రా మనది? ఇవి ఎన్ని వేళ్ళు?" అని అడుగుతున్నాడు. వినబడుతోంది గానీ నోరు రావడం లేదు.

బావ మేస్త్రిని పక్కకి నెట్టి నా మొహం మీదికి వంగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒరేయ్, ఇటు చూడు. తప్పెవరిదిరా? కీపర్‌దేనా? చెప్పు. కీపర్‌దేనా?"

నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, కడుపులో మంట లేచింది. మాస్కు పక్కకి లాగేసుకున్నాను.

"కాదు," అన్నాను. "డిఫెండర్లది."

మా బావ అక్కడే నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. "బతికాడు మేస్త్రిగారూ, బతికాడు. వీడికేం కాలేదు," అన్నాడు. మేస్త్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

అర్థమైన తర్వాత మాత్రం ఆయన మమ్మల్ని వదల్లేదు. బట్టగొట్టం ఎలా నలిగిందో చూశాడు, ట్యాంకు పక్కన పానా చూశాడు. అది అక్కడెందుకుందని నిలదీసి అడిగితే బావే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేస్త్రి ఆ పానాని తీసి ప్రహరీ అవతలికి గిరాటేశాడు.

"మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాలు కూడా కాపురం చేస్తార్రా," అన్నాడు. "మాట్లాడుకోనివాళ్ళు ట్యాంకు కడగలేరు. ఇంకోసారి మీ మధ్య మాటల్లేవని తెలిస్తే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తా."

ఆసుపత్రిలో ఒక పూట ఉంచుకుని పంపించారు. ఇంకొంచెం ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు అన్నాడు డాక్టరు. గాలిలో ప్రాణవాయువు తగ్గితే మనిషికి ముందు పోయేది వివేకమేనట, ఏం చెప్పినా తల ఊపుతాడట. నా విషయంలో అది ఎంత పెద్ద లక్షణమో ఆయనకి తెలియదు. మా బావకి తెలుసు.

అక్క మమ్మల్ని తిట్టలేదు. ఇద్దరం తిట్ల కోసం సిద్ధపడి తలలు వంచుకుని వచ్చాం. ఆమె నా నుదురు తడిమింది, బావ చేతుల కట్లు చూసింది, లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. చాలాసేపు సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. నేను లేచి వెళ్ళి ఎక్కించి ఇచ్చాను.

ఆ రెండు మూడు రోజులు ఇంట్లో ఊరికే కూర్చుని ఒకటే ఆలోచించాను. నన్ను ప్రేమగా చూసుకున్నవాళ్ళు నా జీవితంలో తక్కువేం లేరు. అమ్మానాన్నా ఉన్నంతకాలం చూశారు, అక్క చూస్తోంది. కానీ నా 'కాదు'నీ, నా అడ్డదిడ్డపు వాదననీ, నా నోటి దురుసునీ తొమ్మిదేళ్ళు శ్రద్ధగా విన్న మనిషి ఒకడే. అంత శ్రద్ధగా విన్నాడు కాబట్టే ఒక్క అవును వినగానే నేను చచ్చిపోతున్నానని పోల్చుకున్నాడు. నేను ఆయన్ని దమ్ములేనివాడన్నాను. ఎర్ర జట్టు కీపర్‌కి కూడా మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆ మహానుభావుడు గోల్ వదిలి ఉరక్కపోతే నేను ఇవాళ ఈ బెంచీ మీద ఉండేవాణ్ణి కాదు.

గురువారం సాయంత్రం బావ బయటికి వెళ్దామని చొక్కా తీశాడు. రెండు అరచేతులకీ కట్లున్నాయి, గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి నేను పెట్టడం మొదలెట్టాను. ఆయన వద్దనలేదు. ఇద్దరం అంత దగ్గరగా, ఒకరి మొహం ఒకరు చూసుకునేలా ఎప్పుడూ నిలబడలేదు. మొదటి గుండీ అయింది. రెండోది పెడుతూ నోరు తెరిచాను.

"బావా, సెలూన్‌లో నేనన్న మాట తప్పు. నీకు దమ్ము లేదనడం తప్పు. ఉన్నచోట నిలబడలేనని నా గురించి నువ్వన్నావే, అది నిజం. నువ్వు చెప్పిందే..."

బావ మొహం పాలిపోయింది. కట్టు కట్టిన చేత్తో నా గడ్డం పట్టుకుని పైకెత్తి కళ్ళలోకి చూశాడు.

"ఏమైందిరా? తల తిరుగుతోందా? ఊపిరి ఆడుతోందా నీకు? ఇదిగో, త్వరగా రా! వీడు మళ్ళీ ఒప్పుకుంటున్నాడు!" అని అక్కని కేకేశాడు.

అక్క పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఆడుతోంది బావా," అన్నాను. "నువ్వు లాగావు కాబట్టి ఆడుతోంది. ఆడుతున్నప్పుడే ఒకసారి చెప్పాలనిపించింది."

ఆయన నా గడ్డం వదల్లేదు. చాలాసేపు అలాగే నా ఊపిరి వింటూ నిలబడ్డాడు. చూడకుండానే తడుముతుంటే మూడో గుండీ నా వేళ్ళకి దొరకలేదు.